పచ్చబొట్టు పొడిపించుకునే ముందు

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం వైపు సంతలకు వెళ్ళినప్పుడు కోయ అవ్వల చేతులను గమనించారా? కొందరి ముంజేతుల మీద చుక్కలు, గీతలు కనిపిస్తాయి. అవే పచ్చబొట్లు. ఇది చాలా పాత అలవాటు. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన సుమారు 5,300 ఏళ్ళనాటి మనిషి శరీరం మీద కూడా 61 పచ్చబొట్లు ఉన్నాయి.

చేతికి అంటిన సిరా కడిగితే పోతుంది. మరి పచ్చబొట్టు ఎందుకు పోదు? మన చర్మం పైపొర సుమారు నెలరోజుల్లో రాలిపోయి కొత్తది వస్తుంది. సూది ఆ పొరను దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున ఉన్న కిందిపొరలోకి మసిని చేరుస్తుంది. అక్కడి భక్షక కణాలు మసి రేణువులను మింగుతాయి, కాని అరిగించుకోలేవు. ఒక కణం చనిపోతే మరొకటి వచ్చి ఆ రేణువులనే మింగుతుంది. ఈ సంగతిని ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి 2018లో వెల్లడించారు. పేరుకు తగ్గట్టే, నల్లని మసి చర్మం గుండా నీలి పచ్చగా కనిపిస్తుంది.

పైపొరలో రక్తనాళాలు లేవు, కిందిపొరలో ఉన్నాయి. కాబట్టి సూదికి రక్తం అంటుతుంది. జాతరలో ఒకే సూదితో పదిమందికి పొడిస్తే ఏమవుతుంది? ఒకరి రక్తంలోని హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. వైరస్‌లు మరొకరికి చేరవచ్చు. రోగమున్న మనిషి పైకి ఆరోగ్యంగానే కనిపించవచ్చు. హెపటైటిస్ బి వైరస్ మిల్లీమీటరులో సుమారు 24 వేలవ వంతు మాత్రమే ఉంటుంది. ఎండిన రక్తపు మరకలో కూడా అది కనీసం ఏడు రోజులు బతకగలదు. సూదిని గుడ్డతో తుడిచినంత మాత్రాన, నీళ్ళలో ముంచినంత మాత్రాన అది పోదు.

అందుచేత ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి:

1. పద్దెనిమిదేళ్ళు నిండేవరకు ఆగండి. పెద్దలతో మాట్లాడండి.
2. సూది కొత్తదేనా? మీ కళ్ళముందే పొట్లం విప్పమనండి.
3. సూది ఒక్కటే కాదు, రంగు గిన్నె కూడా ఎవరికి వారికి వేరుగా ఉండాలి. పొడిచేవారు చేతులు కడుక్కుని కొత్త తొడుగులు వేసుకోవాలి.
4. హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు ముందే వేయించుకోండి. హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి.లకు టీకాలు లేవు.
5. మధుమేహం, చర్మవ్యాధులు ఉన్నవారు డాక్టరును అడగాలి.
6. పొడిచినచోట వాపు, చీము, జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇదివరకే ఎవరితోనైనా పంచుకున్న సూదితో పొడిపించుకున్నారా? భయపడి దాచకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోండి. ఈ మాట మీ ఇంట్లోవారికీ, స్నేహితులకూ చెప్పండి.