నాడీజాల నమూనాలు - వినికిడి యంత్రాలు: తెలుగు ధ్వనుల దృష్ట్యా ఒక పరిశీలన

1. ప్రవేశిక

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల పత్తి జిన్నింగ్ మిల్లుల హోరు కార్మికుల వినికిడికి ముప్పు. 85 డెసిబెల్‌లను మించిన శబ్దానికి ఏళ్ల తరబడి గురైతే లోపలి చెవిలోని రోమకణాలు దెబ్బతింటాయి. మనుషులలో అవి తిరిగి పుట్టవు. అటువంటివారికి మాట వినిపిస్తుంది గాని, స్పష్టంగా తెలియదు. ఈ లోపాన్ని సవరించడంలో కృత్రిమ నాడీజాలాల పాత్రను, అందులో తెలుగు భాషాశాస్త్రానికి ఉన్న అవకాశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ధ్వని భేదం - శ్రవణ సమస్య

‘పతి’, ‘పత్తి’ పదాల మధ్య భేదం ప్రధానంగా హల్లు నిడివిది. ‘పత్తి’, ‘పట్టి’ పదాల మధ్య భేదం ఉచ్చారణ స్థానానిది. ఈ రెండోది హల్లుకు ముందూ వెనుకా కొన్ని మిల్లీసెకన్లపాటు మారే అనునాద పౌనఃపున్యాలలోనూ, స్ఫోటనంలోనూ ఇమిడి ఉంటుంది. రొదలో మొదట మరుగున పడేవి ఇటువంటి సూక్ష్మ సూచనలే. ధ్వనిని పెంచే యంత్రం మాటతోపాటు రొదను కూడా పెంచుతుంది.

3. నాడీజాలాల పనితీరు

ఈ రంగంలో రెండు మార్గాలున్నాయి. మొదటిది రొద నుంచి మాటను వేరుచేయడం. 2013లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డీలియాంగ్ వాంగ్, ఎరిక్ హీలీ బృందం ఈ పద్ధతితో వినికిడి లోపం ఉన్నవారి గ్రహణశక్తి మెరుగుపడుతుందని నిరూపించింది. రెండోది చెవినే అనుకరించడం. 2021లో బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించిన ‘కానియర్’ నమూనా కర్ణావర్త స్పందనను అతివేగంగా లెక్కిస్తుంది. ఆరోగ్యవంతమైన చెవి నమూనా స్పందనకూ, దెబ్బతిన్న చెవి నమూనా స్పందనకూ మధ్య అంతరం తగ్గేలా యంత్రానికి శిక్షణ ఇవ్వవచ్చు.

4. తెలుగు అవసరం

పై రెండు పరిశోధనలలోనూ శిక్షణకు వాడినవి ఆంగ్ల వాక్యాలు. కర్ణావర్తం అన్ని భాషలవారికీ ఒకటే కనుక చెవి నమూనాకు ఇది పెద్ద అడ్డంకి కాదు. రొదను వేరుచేసే నమూనా మాత్రం తాను విన్న భాషను బట్టి నేర్చుకుంటుంది. ద్విత్వం, మూర్ధన్యాలు, అచ్చుల హ్రస్వదీర్ఘాలు అర్థభేదకాలైన తెలుగులో దానిని విడిగా పరీక్షించాలి.

5. ముగింపు

ఒంగోలులో జన్మించిన భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదజాలానిది. ఆ పదాలను నేటి రైతుల, కూలీల గొంతులలో, మిల్లు రొద నేపథ్యంగా నమోదు చేస్తే శిక్షణకు, పరీక్షకు తగిన సామగ్రి సమకూరుతుంది. ఏ ధ్వని జారితే ఏ అర్థం జారుతుందో నిర్ధారించవలసింది భాషాశాస్త్రజ్ఞులే. కనుక ఇది ఇంజనీర్లకు మాత్రమే పరిమితమైన పని కాదు. తెలుగు శాఖల పరిశోధన పరిధిలోనిది కూడా.