రాతి పట్టు విడిపించే నీరు

1969లో ఉత్తర సముద్రంలో, నార్వే జలాల్లో, ఎకోఫిస్క్ చమురు క్షేత్రం బయటపడింది. దాదాపు 3 కిలోమీటర్ల లోతున, 130 డిగ్రీల సెల్సియస్ వేడిలో, సుద్దరాతి సూక్ష్మరంధ్రాల నిండా చమురు! కానీ అందులో 17 శాతమే పైకి వస్తుందని మొదట్లో లెక్కగట్టారు. ఇప్పుడు ఆ అంచనా 50 శాతం దాకా పెరిగింది. ఈ పెరుగుదలలో ప్రధాన పాత్ర 1987లో పెద్దయెత్తున పంపడం మొదలుపెట్టిన సముద్రపు నీటిదే.

నీటితో చమురును నెట్టే పద్ధతి పాతదే. 19వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, పాడుబడ్డ బావుల్లోకి నీరు దిగితే పక్క బావుల్లో చమురు పెరుగుతున్నట్టు గమనించారు. 1921లో ఆ రాష్ట్రం ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించింది. అయితే చాలాకాలం నీటిని నెట్టే బలంగానే చూశారు. ఎంత నీరు, ఎంత ఒత్తిడితో పంపాలన్నదే ప్రశ్న. ఆ నీటిలో ఏముందో పట్టించుకున్నవారు తక్కువ.

సున్నపురాయి, సుద్దరాయి వంటి కార్బొనేట్ రాళ్ల దగ్గర ఈ ధోరణి చాలలేదు. ప్రపంచపు చమురు నిల్వల్లో సగానికి పైగా ఈ రాళ్లలోనే ఉన్నాయి. ఆ లోతుల్లో ఈ రాతి ఉపరితలానికి సాధారణంగా ధనావేశం ఉంటుంది. ముడిచమురులోని కొన్ని ఆమ్లాలకు ఋణావేశం. రెండూ గట్టిగా అతుక్కుంటాయి. జిడ్డు పళ్లెం మీద పోసిన నీళ్లు జారిపోయినట్టే, పంపిన నీరు రాతి లోపలికి ఇంకకుండా పగుళ్ల వెంట పారిపోతుంది. చమురు ఉన్నచోటే ఉండిపోతుంది.

మరి ఎకోఫిస్క్‌లో సముద్రపు నీరు ఎందుకు అంత బాగా పనిచేసింది? నార్వేలోని స్టావంగర్ విశ్వవిద్యాలయంలో టోర్ ఔస్టాడ్ బృందం సుద్దరాతి ముక్కలపై ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసింది. వారి వివరణ ఇది: సముద్రపు నీటిలోని సల్ఫేట్ రాతి మీద చేరి ధనావేశాన్ని తగ్గిస్తుంది. అప్పుడు కాల్షియం అయాన్లు రాతి దాకా వచ్చి, చమురు ఆమ్లాలను తమతో కలుపుకుని ఊడదీస్తాయి. వేడి ఎక్కువగా ఉంటే మెగ్నీషియం కూడా తోడవుతుంది. పట్టు సడలిన రాతిలోకి నీరు ఇంకి చమురును బయటికి తోస్తుంది.

ఉప్పు తగ్గిస్తే ఏమవుతుందన్న ప్రశ్న ఇసుకరాతి నుంచి వచ్చింది. 1990లలో అమెరికాలోని వయోమింగ్ విశ్వవిద్యాలయంలో నార్మన్ మోరో బృందం తక్కువ ఉప్పున్న నీటితో ఎక్కువ చమురు వస్తుందని చూపింది. తర్వాత సౌదీ ఆరామ్‌కో శాస్త్రవేత్తలు దీన్ని కార్బొనేట్ రాతిపై పరీక్షించారు. మామూలు సముద్రపు నీరు ఇక చమురు రాబట్టలేని దశలో, అదే నీటిని పలుచన చేసి దఫాలవారీగా పంపారు. రాతి ముక్కల్లో మొదట ఉన్న చమురులో మరో 18 శాతం దాకా బయటికి వచ్చింది. ఆపైన బావుల్లో చేసిన పరీక్షల్లోనూ మిగులు చమురు తగ్గింది.

ఇందులో కిటుకు ఉప్పంతా తీసేయడంలో లేదు. పనికిరాని సోడియం క్లోరైడ్‌ను తగ్గించి, పనికొచ్చే అయాన్లను ఉంచుకోవాలి. మన ఊళ్లలో తాగునీటి ఆర్.ఓ. ప్లాంట్ల సూత్రంతోనే సముద్రపు నీటిలోని ఉప్పును వడకట్టి, అవసరమైన అయాన్లను కావలసిన పాళ్లలో కలపవచ్చు.

జాగ్రత్తలూ అవసరమే. పాతాళజలంలో బేరియం ఉంటే సల్ఫేట్‌తో కలిసి గట్టి పొరగా పేరుకుని బావిని మూసేస్తుంది. నీరు తగిలిన సుద్దరాయి బలహీనపడి కుంగుతుంది. అంచేత ఏ క్షేత్రపు రాయిని, చమురును, నీటిని ఆ క్షేత్రానికే పరీక్షించుకోవాలి. ఒకచోట ఫలించిన పాళ్లు మరోచోట ఫలిస్తాయన్న హామీ లేదు.

మన దేశానికి ఇది దూరపు విషయం కాదు. 1974లో కనుగొన్న బాంబే హై (ఇప్పటి ముంబై హై) చమురు క్షేత్రంలోని ప్రధాన నిల్వలు సున్నపురాతిలోనే ఉన్నాయి. అక్కడ 1984 నుంచి నీటిని పంపుతున్నారు. చమురు అవసరంలో అధికభాగాన్ని దిగుమతులతో తీర్చుకునే దేశం, కొత్త క్షేత్రాల వేటకు ఖర్చుపెట్టినంత శ్రద్ధగా పాత బావుల్లోకి పంపే నీటి రసాయనశాస్త్రం మీదా ఖర్చుపెట్టాలి. మన విశ్వవిద్యాలయాల్లోని రసాయన, భూగర్భ శాస్త్ర విద్యార్థులు కలిసి చేపట్టదగిన పరిశోధన ఇది.