పెద్ద బ్రేకుకు తగిన చక్రము

గంటకు 100 కిలోమీటర్ల వేగముతో పోవుచున్న 1200 కిలోగ్రాముల కారులో సుమారు 4,60,000 జౌల్‌ల గతిజ శక్తి ఉండును. కారు ఆగవలెనన్న ఈ శక్తి ఎక్కడికో పోవలెను గదా! బ్రేకులలోని ఘర్షణవలన అది ఉష్ణముగా మారును. ఆ ఉష్ణముతో 30 డిగ్రీల వద్దనున్న ఒకటిన్నర లీటర్ల నీటిని మరుగు స్థితికి తేవచ్చును. ఒక్కసారి ఆపినందుకే ఇంత. కొండదారిన దిగుచు పదేపదే బ్రేకు వేసినచో డిస్కులు, ప్యాడ్లు మిక్కిలి వేడెక్కి, పట్టు సడలును.

అందుచే కొందరు తమ కారులకు పెద్ద డిస్కులు వేయింతురు. లోహము ఎక్కువగా ఉన్నందున అదే ఉష్ణమునకు డిస్కు తక్కువగా వేడెక్కును. వ్యాసార్ధము పెరిగినందున అదే నొక్కుడుకు ఎక్కువ బలభ్రామకము లభించును. అయితే పెద్ద బ్రేకుతో కారు తప్పక తక్కువ దూరములో ఆగునని తలచుట పొరపాటు. పాత బ్రేకే చక్రమును తిరుగకుండ బిగబట్టగలిగినచో, ఆగు దూరమును నిర్ణయించునది టైరుకు, రోడ్డుకు మధ్యనున్న పట్టు మాత్రమే. పెద్ద బ్రేకు మేలు అది త్వరగా అలసిపోకుండుటలో ఉన్నది.

ఇక చిక్కు చక్రముతో వచ్చును. జపానువారి సుబారు ఇంప్రెజా డబ్ల్యు.ఆర్.ఎక్స్. కారును చూడుడు. అమెరికాలో 2002 మోడలుగా అమ్మిన ఈ కారుకు ముందు డిస్కు వ్యాసము 294 మిల్లీమీటర్లు, చక్రము 16 అంగుళములు. దాని అన్నగారైన 2004 నాటి ఎస్.టి.ఐ. కారుకు డిస్కు 326 మిల్లీమీటర్లు, చక్రము 17 అంగుళములు. పెద్ద బ్రేకును చిన్న కారుకు ఎక్కించినచో ఏమగును? 16 అంగుళములనగా 406 మిల్లీమీటర్లు. అందులో 326 తీసివేయగా 80. అనగా డిస్కు అంచుకు పైన 40 మిల్లీమీటర్లే మిగులును. డిస్కును కౌగిలించుకొని ఉండు క్యాలిపరు వీపు ఈ ఖాళీలోనే ఇమడవలెను. పైగా రిమ్ము వ్యాసమును టైరు కూర్చుండు చోట కొలుతురు. లోపల పళ్లెమువలె దిగిన భాగము ఇంకను చిన్నది. కనుక చక్రము క్యాలిపరుకు తగులును. 17 అంగుళముల చక్రములో ఈ ఖాళీ 53 మిల్లీమీటర్లగును. ఉపాధ్యాయులు దీనిని కంపాసుతో నల్లబల్లపై గీసి చూపవచ్చును.

టైరు సంగతి తేలిక. 205/55 కొలత గల 16 అంగుళముల టైరు మొత్తము వ్యాసము 632 మిల్లీమీటర్లు; 225/45 గల 17 అంగుళములది 634. స్పీడు ముల్లు దాదాపు నిజమే చెప్పును.

వ్యాసము సరిపడినంతమాత్రమున పని తీరదు. క్యాలిపరు ముఖము చక్రపు ఆకులకును తగులవచ్చును. హబ్బును తాకు ముఖమునుండి చక్రపు మధ్యరేఖకు గల దూరము ఒకటే అయిన రెండు చక్రములలో సైతము, ఒకదాని ఆకులు వెలుపలికి వంగియుండి సరిపడును, మరొకదానివి తగులును. మధ్యలో స్పేసరు బిళ్ల పెట్టి చక్రమును వెలుపలికి జరుపవచ్చును గాని, బిళ్ల మందము మేరకు నట్టు పట్టు తగ్గును. పొడుగు స్టడ్లు వేయక ఈ పని చేయుట ప్రాణాపాయము.

బోల్టుల వలయము ఇంకను ముఖ్యము. 2004 ఎస్.టి.ఐ.కి ఐదు స్టడ్లు 100 మిల్లీమీటర్ల వ్యాసముగల వలయముపై ఉండగా, 2005లో అది 114.3 అయినది. ఈ రెండును బొత్తిగా కలియవు గనుక భయము లేదు. భయపడవలసినది 112, 114.3ల విషయములో! ఒక్కొక్క స్టడ్డుకు తేడా 1.15 మిల్లీమీటర్లే గనుక బలవంతముగా బిగించిన సరిపడినట్లే కనిపించును. కాని స్టడ్లు వంగి, నట్లు సరిగా కూర్చుండక, పరుగులో చక్రము వదులు కావచ్చును.

సరిచూచుటకు సులభమైన పద్ధతి కలదు. క్యాలిపరుపై మెత్తని బంకమట్టి అంటించి, చక్రమును బిగించి, చేతితో మెల్లగా ఒక చుట్టు త్రిప్పి ఊడదీయవలెను. నలిగిన మట్టి మందమే ఖాళీ. అది 3 మిల్లీమీటర్లకు తగ్గనిచో మంచిది. క్యాలిపరు జారెడు రకమైనచో ఈ పరీక్షను క్రొత్త ప్యాడ్లతోనే చేయవలెను; ప్యాడ్లు అరిగినకొలది అది లోపలికి జరిగి ఆకులకు దూరమగును. రిమ్ము లోపల అంటించు తూకపు సీసపు బిళ్లలకు కూడ చోటు మిగిలినదో లేదో అప్పుడే చూచుకొనవలెను.