ఫియట్ కారులో జిప్సీ ఇంజిన్

పాత ఫియట్‌కు కొత్త ఇంజిన్ వేయడమంటే ముసలెద్దును విప్పి కోడెను కట్టినంత తేలిక అనుకునేవాళ్లున్నారు. బండి తోలినవాళ్లకు అసలు సంగతి తెలుసు. కోడెను కడితే కాడి ఎత్తు కుదరదు, పగ్గం ఆగదు, దాని దూకుడుకు పాత ఇరుసు ఓర్వదు. కారులోనూ పేచీ అంతా ఇంజిన్ చుట్టూ ఉన్నవాటితోనే.

ముంబయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసిన ఫియట్ 1100కు 1970ల్లో ప్రీమియర్ పద్మిని అని పేరు మారింది. జనం నోట మాత్రం అది ఫియట్‌గానే మిగిలింది. దాని ఇంజిన్ 1089 సీసీ, శక్తి సుమారు 40 హార్స్‌పవర్. దాని స్థానంలో మారుతి జిప్సీ 1298 సీసీ ఇంజిన్ పెట్టామనుకుందాం. రెండు బండ్లలోనూ ఇంజిన్ ముందు నిలువుగా కూర్చుని వెనక చక్రాలకు షాఫ్టు పంపుతుంది కాబట్టి ఈ జోడీ ఊహకు అందేదే.

బోరు అంటే నల్గొండలో ఎవరికైనా నీళ్ల బోరే గుర్తొస్తుంది. మెకానిక్ షెడ్డులో అది సిలిండర్ వెడల్పు. ఫియట్ బోరు 68 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 75. జిప్సీ బోరు 74, పిస్టన్ నడక 75.5. నడక దాదాపు అంతే, వెడల్పు 6 మిల్లీమీటర్లు పెరిగింది. దానివల్ల ఇంజిన్ పరిమాణం 19 శాతమే ఎక్కువైంది. శక్తి మాత్రం కార్బురేటర్ జిప్సీలో 60 హార్స్‌పవర్, పెట్రోలును ఇంజెక్టర్లతో చిమ్మే ఎంపీఎఫ్ఐ జిప్సీలో 80. రెట్టింపు!

మిగతా బలం గాలి పీల్చడంలో ఉంది. ఫియట్‌లో క్యామ్ షాఫ్టు ఇంజిన్ దిమ్మె లోపల ఉంటుంది. అది పొడుగాటి కడ్డీలను తోస్తే, అవి పైనున్న రాకర్లను తోస్తే, అప్పుడు వాల్వులు తెరుచుకుంటాయి. వేగం పెరిగేకొద్దీ ఇంత బరువు టకటకా ఆడలేదు. అందుకే నిమిషానికి ఐదు వేల చుట్ల దరిదాపుల్లో దాని పని అయిపోతుంది. జిప్సీలో క్యామ్ షాఫ్టు వాల్వుల నెత్తినే ఉంది. ఎంపీఎఫ్ఐలో వాల్వులు 16, ఫియట్‌లో 8. ఆరు వేల చుట్ల దగ్గర కూడా దానికి ఆయాసం లేదు. శక్తి అంటే ఒక్కో చుట్టుకు పెట్టే బలాన్ని చుట్ల సంఖ్యతో గుణించడమే కదా.

ఇక బిగింపు. ఇంజిన్‌తో పాటు దాని గేర్‌బాక్సునూ తేవాలి, లేకపోతే క్లచ్ దగ్గర రెండు షాఫ్టులు ఒకే గీతలో నిలవవు. దాంతో స్టీరింగ్ పక్కనున్న హ్యాండ్ గేర్ పోయి, ఫ్లోర్ కోసి గేర్ రాడ్డు పెట్టాల్సి వస్తుంది. వెనక్కి వెళ్లే షాఫ్టును కొలిచి కత్తిరించి, లేత్ మీద సరిచేసి, బ్యాలెన్స్ చేయించాలి. బ్యాలెన్స్ తప్పితే వచ్చే ఊపు వేగం వర్గంతో పెరుగుతుంది. 40లో తెలియని వణుకు 80కి నాలుగింతలై సీటు కిందికొస్తుంది.

నా లెక్కలో అసలు పరీక్ష ఎండ. గాలి 25 డిగ్రీలుంటే, 90 డిగ్రీల రేడియేటర్‌కు తేడా 65. మన మే నెలలో గాలి 44 ఉంటే తేడా 46. వేడి ఈ తేడాను బట్టే బయటికి పోతుంది కాబట్టి అదే రేడియేటర్ పని దాదాపు 30 శాతం పడిపోతుంది. పైగా మన బోరు నీళ్లు ఉప్పు నీళ్లు. చాయ్ గిన్నెకు అడుగున తెల్లగా పట్టే పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ పడుతుంది, ఇత్తడితో పోలిస్తే అది వేడిని పదుల రెట్లు తక్కువగా దాటిస్తుంది. జిప్సీ ఇంజిన్ దిమ్మె అల్యూమినియం, ఆ నీళ్లు దాన్ని తినేస్తాయి కూడా. పెద్ద రేడియేటర్, ఎలక్ట్రిక్ ఫ్యాన్, కూలెంట్ పెట్టనిదే ఈ పని మొదలుపెట్టొద్దు.

ఎండ విషయంలోనే కొత్త ఇంజిన్‌కు ఒక మంచి గుణం ఉంది. పెట్రోలు 40 డిగ్రీల దరిదాపుల్లోనే మరగడం మొదలవుతుంది. ఫియట్ పెట్రోలు పంపు ఇంజిన్‌కే అతుక్కుని ఉంటుంది కాబట్టి వేడికి లోపల ఆవిరి బుడగ కట్టి బండి ఆగిపోతుంది. పంపు మీద తడిగుడ్డ కప్పి కూర్చోవడం వెనకటి డ్రైవర్లకు వేసవి వైద్యం. ఎంపీఎఫ్ఐలో ఎలక్ట్రిక్ పంపు గట్టి ఒత్తిడితో తోస్తుంది. ఒత్తిడిలో ఉన్న పెట్రోలు అంత తేలిగ్గా మరగదు.

అందరూ మర్చిపోయేది బ్రేకులు. పద్మినికి నాలుగూ డ్రమ్ బ్రేకులే. 60లో ఆపడానికీ 90లో ఆపడానికీ బ్రేకులు మింగాల్సిన వేడిలో తేడా ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంపావు రెట్లు. అచ్చంపేట మీదుగా వెళ్లి, శ్రీశైలం డ్యామ్ దగ్గర కృష్ణ లోయలోకి ఘాట్ దిగేటప్పుడు కాలిన లైనింగ్ వాసన వచ్చాక ఈ లెక్క వేసుకుని లాభం లేదు.

ఇంజిన్ల మార్పిడి కంపెనీలూ చేశాయి. అదే ప్రీమియర్ 1985లో ఇటలీ ఫియట్ 124 బాడీలో జపాన్ నిస్సాన్ 1171 సీసీ ఇంజిన్ పెట్టి 118ఎన్‌ఈ అమ్మింది. అంబాసిడర్‌కు 1990ల మొదట్లో ఇసుజు 1817 సీసీ ఇంజిన్ వచ్చింది, దాంతో పాటే ఐదు గేర్ల కొత్త గేర్‌బాక్సూ వచ్చింది.

కంపెనీకి ఉన్న వెసులుబాటు మనకు లేదు. తయారీదారు వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు 2021 నిబంధనల కింద ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు దొరుకుతుంది. ఇంజిన్ మార్చిన బండికి ఆ ఆశ వదులుకోవాల్సిందే. 50 ఏళ్లు దాటిన కారు మీ ఇంట్లో ఉంటే ఉన్న ఇంజిన్‌కే బోరింగ్ చేయించండి, కొత్త పిస్టన్లు వేయించండి. అంతకన్నా కొత్త బండికైనా, స్పానర్ పట్టకముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. పాత ఇంజిన్‌ను మాత్రం పాత ఇనుము వాళ్లకు వేయకండి, మీ ఆర్‌సీలో ఉన్నది దాని నంబరే.