గొంతులో ఘాటుంటే నూనె పాడైనట్టు కాదు

ఖరీదు పెట్టి కొన్న ఆలివ్ నూనె చెంచాడు నోట్లో వేసుకున్నారనుకోండి. నాలుకకు కాస్త చేదు తగిలి, మింగాక గొంతులో మిరియం కొరికినట్టు ఘాటుగా ఉంటే అంగడివాడితో పోట్లాటకు బయలుదేరకండి. ఆ రెండూ బొత్తిగా లేని నూనెనే మీరు అనుమానించాలి.

ఆలివ్ నూనెలో నూటికి 98 పాళ్లు ఉత్త కొవ్వే. చేదూ ఘాటూ వచ్చేది మిగిలిన ఆ కొద్దిలో ఉండే ఫినాల్ జాతి పదార్థాల వల్ల. చెట్టు చీడపీడల నుంచి తనను కాపాడుకోవడానికి వీటిని తయారుచేసుకుంటుంది. కాయను నూరి పిండినప్పుడు వీటిలో ఎక్కువ భాగం పిప్పితోనూ నీటితోనూ పోయి, స్వల్పంగా మాత్రమే నూనెలోకి దిగుతాయి.

1999లో సిసిలీలో ఒక సమావేశానికి వెళ్లిన అమెరికన్ శాస్త్రజ్ఞుడొకరు అక్కడి కొత్త నూనె రుచి చూసి ఆశ్చర్యపోయారట. నొప్పులకు వాడే ఇబుప్రొఫెన్ మందు ద్రవం మింగినప్పుడు గొంతులో ఎక్కడ మండుతుందో, సరిగ్గా అక్కడే మండింది! ఆయన పనిచేసే ఫిలడెల్ఫియాలోని మోనెల్ సంస్థవారు ఆ ఘాటుకు కారణమైన పదార్థాన్ని విడదీసి, ఒలియోకాంథాల్ అని పేరుపెట్టి, అది ఇబుప్రొఫెన్ లాగే వాపు పుట్టించే ఎంజైములను అడ్డుకుంటుందని 2005లో ప్రకటించారు. అలాగని మోకాళ్ల నొప్పికి మాత్ర మానేసి నూనె తాగేరు సుమా! వారి లెక్క ప్రకారమే, ఆ పదార్థం బాగా ఉన్న నూనె రోజుకు 50 గ్రాములు తీసుకున్నా మాత్రల మోతాదులో పదోవంతుకు మించదు. అందులో 450 కేలరీలుంటాయి కూడా.

మరి ఏ నూనెలో ఇవి ఎంత ఉన్నాయో ఎలా తెలుస్తుంది? ప్రయోగశాలలో నూనెను మిథనాల్, నీరు కలిపిన ద్రవంతో బాగా కుదుపుతారు. కొవ్వు నూనెలోనే ఉండిపోతుంది, ఫినాళ్లు ఆ ద్రవంలోకి వస్తాయి. దాన్ని సన్నని పొడి దట్టించిన గొట్టంలోకి ఒత్తిడితో పంపితే ఒక్కొక్క పదార్థం ఒక్కొక్క వేళకు బయటపడుతుంది. అతినీలలోహిత కిరణాన్ని అది ఎంత పీల్చుకుందో చూసి పరిమాణం కడతారు.

ఈ కొలతతో మనకేం పని అంటారేమో. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో యూరప్‌లోని 200 మంది ఆరోగ్యవంతులైన పురుషులకు రోజుకు 25 మిల్లీలీటర్ల చొప్పున మూడు రకాల ఆలివ్ నూనె, ఒక్కొక్కటి మూడేసి వారాలు ఇచ్చారు. కొవ్వు మూడింటిలోనూ ఒకటే. ఫినాళ్లే కిలోకు సుమారు 3, 164, 366 మిల్లీగ్రాములు. అవి పెరిగినకొద్దీ మంచి కొలెస్టరాల్ కొద్దిగా పెరిగింది, చెడ్డ కొలెస్టరాల్ ఆక్సీకరణం చెందడం తగ్గింది. 2012లో యూరోపియన్ యూనియన్ ఒక నిబంధన పెట్టింది: 20 గ్రాముల నూనెలో హైడ్రాక్సీటైరసాల్, దాని సంబంధ పదార్థాలు కలిపి కనీసం 5 మిల్లీగ్రాములుంటేనే, ఫినాళ్లు రక్తంలోని కొవ్వును కాపాడతాయని సీసాపై వేసుకోవచ్చు.

కనుక "ఆలివ్" అన్న పేరు చూసి మోసపోకండి. శుద్ధి చేసిన నూనెలో ఫినాళ్లు దాదాపు పోతాయి. "లైట్" అని అమ్మేది ముఖ్యంగా అదే, కేలరీలేమీ తగ్గవు! పిప్పి నుంచి తీసిన "పోమాస్" నూనె సంగతీ అంతే. "ఎక్స్‌ట్రా వర్జిన్" మేలు. కాని దానిమీద వేసే ఆమ్లం అంకెకూ ఫినాళ్లకూ సంబంధం లేదు. ఘాటు తగిలి, ముక్కిపోయిన వాసన లేకపోతే మంచి గుర్తు. మన నువ్వుల నూనెలో ఉండే సెసమిన్, సెసమోలిన్ వేరే జాతివి; వాటిని ఈ కొలతతో బేరీజు వేయకూడదు.

కొంటే, వాడుతున్న నూనె కొంత తగ్గించి దాని బదులు వాడండి, అదనంగా కాదు. బి.పి., కొలెస్టరాల్ మందులు మీ డాక్టరు చెప్పనిదే మానకండి. కాగబెడితే ఫినాళ్లు తగ్గుతాయి కనుక దించిన కూరపైనో, పచ్చి కూరముక్కలపైనో వేసుకోండి. ముదురు రంగు గాజుసీసా చిన్నది కొని, పొయ్యికీ కిటికీకీ దూరంగా పెట్టి, మూత తీశాక రెండు మూడు నెలల్లో వాడేయండి.