క్రిస్మస్ కానుకగా ఒక బొంగరం

డిసెంబరు రెండో వారం రాగానే మా బడిలో చీటీల డబ్బా బయటికొస్తుంది. అదొక పాత బిస్కెట్ల డబ్బా. ఐదో తరగతి పిల్లలు పంతొమ్మిది మంది తమ పేర్లు రాసి అందులో వేస్తారు. ఎవరి చేతికి ఎవరి పేరొస్తే వాళ్లు క్రిస్మస్ ఫ్రెండ్. అర్ధ సంవత్సర పరీక్షలు ముగిసి, సెలవులిచ్చే ముందు మేము సెమీ క్రిస్మస్ జరుపుకుంటాం. కేకు ముక్కలు పంచాక ఒకరికొకరు కానుకలు ఇచ్చుకుంటారు. చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలే కాదు, అందరూ చీటీ తీస్తారు.

మాది హోసూరు పక్క పల్లె. తమిళనాడులో ఉన్నా తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే ఊరు. తల్లిదండ్రుల్లో సగం మంది ఫ్యాక్టరీలకు, మిగతావాళ్లు గులాబీ తోటలకు, పొలాలకు పోతారు.

కొన్నేళ్ల కిందట ఈ కానుకల రోజునే మేము తలదించుకోవలసి వచ్చింది. ఒక పిల్లవాడు తన ఫ్రెండుకు రిమోట్ కారు ఇచ్చాడు. బడంతా దాని చుట్టూ మూగింది. అతనికి కానుకగా వచ్చింది ఒక పెన్ను. ఆ పెన్ను ఇచ్చిన పాప మూలన కూర్చుని ఏడ్చింది. జనవరిలో బడి తెరిచాక కారు సంగతి అడిగితే, మూడో రోజుకే చక్రం ఊడిందన్నారు. ఆ తర్వాత ఒకనాడు కారు ఇచ్చిన పిల్లవాడి నాయన బడికి వచ్చాడు. ‘‘సార్, పిల్లోడు ఏడుస్తావుంటే సంఘంలో అప్పు తీసుకుని కొనిచ్చినాము. ఇంకా కడతావున్నాము’’ అన్నాడు. ఆయన మమ్మల్ని నిందించలేదు. కానీ తప్పు మాదే. కానుక ఇమ్మన్నామే కానీ, ఎలాంటిది ఇవ్వాలో మేము చెప్పలేదు.

మరుసటి ఏడాది మూడు నియమాలు పెట్టాం. కానుక ఖరీదు యాభై రూపాయలు దాటకూడదు. అది ఆరుబయట, ఇంకొకరితో కలిసి ఆడేదై ఉండాలి. ఈ సెలవుల్లోనే ఆడటానికి వీలుండాలి.

మూడో నియమం మా పొరపాటు నుంచి పుట్టింది. మొదటిసారి మేమే ముందుపడి, సంక్రాంతి వస్తోంది కదా అని, గాలిపటాలు కొనమన్నాం. హైదరాబాదులో చుట్టాలు సంక్రాంతికి గాలిపటాలు ఎగరేయడం చూసి వచ్చిన ఆలోచన అది. మా వైపు గాలిపటాల కాలం అది కాదు. బెంగళూరు చుట్టుపక్కల, మా హోసూరు వైపు గాలి బలంగా వీచేది ఆషాఢంలో. దొడ్డబళ్లాపురంలో గాలిపటాల పండుగ చేసేదీ ఆషాఢంలోనే. డిసెంబరు సెలవుల్లో మా పిల్లలు గాలిపటం పట్టుకుని రొప్పుతూ పరుగెత్తారు. అది నాలుగడుగులు లేచి నేల మీద వాలింది. రెండు రోజులకే అన్నీ అటకెక్కాయి. బొమ్మకూ కాలం ఉంటుందని మా పిల్లలతో పాటు మేమూ నేర్చుకున్నాం.

మరి మా ఊళ్లో డిసెంబరు ఆట ఏది? జవాబు ఒక తాత చెప్పాడు. రాగి కోతలు అయిపోతాయి, చేలు ఖాళీగా ఉంటాయి. వానలు తగ్గి నేల గట్టిపడుతుంది, అయినా లోపల కాస్త పదును ఉంటుంది. బొంగరం మేకు దిగబడకుండా తిరగడానికి, గోళీల గుంట తీయడానికి అలాంటి నేలే కావాలి. ఎండ మండదు కాబట్టి మధ్యాహ్నం కూడా ఆడుకోవచ్చు. బొంగరం, గోళీలు, బిళ్లంగోడు, తాడాట, ఉన్ని గుడ్డలు చుట్టి కట్టిన బంతి, పాత సైకిలు టైరు, దాన్ని తోలడానికి ఒక పుల్ల. ఇవన్నీ యాభై రూపాయల లోపే. కొన్నింటికి పైసా కూడా అక్కర్లేదు. టైరును శుభ్రంగా కడిగి, రంగు కాగితం చుట్టి ఇచ్చిన పిల్లవాడికి ఆ ఏడాది అందరికంటే పెద్ద చప్పట్లు పడ్డాయి.

నాలుగో నియమాన్ని తర్వాత చేర్చాం. మాకు అన్నిటికంటే మేలు చేసింది అదే. కానుకతో పాటు ఒక ఉత్తరం పెట్టాలి. ‘దీన్ని ఎలా ఆడాలి’ అని కనీసం పది వాక్యాలు తెలుగులో, సొంత చేతిరాతతో రాయాలి.

ఎందుకంటే, మా పిల్లలకు తెలుగు వినబడే గంటలు తక్కువ. 2006లో వచ్చిన తమిళ అభ్యాస చట్టం తర్వాత తమిళం తప్పనిసరిగా చదువుతున్నారు. అది ఈ నేల భాష, బాగా నేర్వాలి. ఇంగ్లీషూ కావాలి. మధ్యలో తెలుగు పాఠ్యపుస్తకానికి పరిమితమైపోతోంది. పద్యం అప్పజెప్పే పిల్లలు కూడా, చేతిలో ఉన్న వస్తువు గురించి నాలుగు మాటలు చెప్పమంటే తడబడతారు. వ్యాసం రాయమంటే గైడు చూసి రాస్తారు. బొంగరం ఎలా వేయాలో ఏ గైడులోనూ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లను అడగాల్సిందే.

అలా అడగడంతోనే మాటలు కదిలాయి. ఒక పిల్లవాడు బొంగరం తాడును ‘సాట్టై’ అని తమిళంలో రాసుకొచ్చాడు. తెలుగులో ఏమంటారని తాతను అడిగి, మర్నాడు ‘జాటీ’ అని దిద్దుకొచ్చాడు. కన్నడం వచ్చే ఇంకో పిల్ల ‘మా అమ్మమ్మ ఊళ్లో చాటి అంటారు’ అంది. సాట్టై, చాటి, జాటీ. మూడు మాటలూ బోర్డు మీద పక్కపక్కనే రాసి చూపించాం. ఇవి చుట్టరికం ఉన్న మాటలని పిల్లలే కనిపెట్టారు. బొంగరాన్ని తమిళులు ‘పంబరం’ అంటారు, కన్నడిగులు ‘బుగురి’ అంటారు. బిళ్లంగోడును తమిళంలో ‘కిట్టిపుళ్లు’ అంటే, కన్నడంలో ‘చిన్నిదాండు’. తెలుగులోనే దానికి గోటీబిళ్ల, కర్రాబిళ్ల, చిర్రగోనె అని ఊరికో పేరు. ఏది సరైనదని పిల్లలు అడిగారు. మీ అవ్వ ఏది అంటే అది రాయండి అన్నాం. ఆ రోజు తెలుగు తరగతిలో నోరు మెదపని పిల్లలు కూడా చెయ్యెత్తారు.

అందరూ మెచ్చుకున్నారని మేము చెప్పం. ఒక తల్లి మొహమాటం లేకుండా అడిగింది. ‘‘టీచర్, పక్కింటి పిల్లోళ్లు ఇంగ్లీషు మీడియంలో చదువుతారు. వాళ్లకు బ్యాటరీ బొమ్మలు వస్తాయి. మావాడికి బొంగరమా? తెలుగు బడంటే ఇంతేనా?’’ ఆ మాట మాకు గుచ్చుకుంది. ఏటా కొందరు పిల్లలు మా బడి వదిలి వెళ్తూనే ఉన్నారు కాబట్టి ఇంకా గట్టిగా గుచ్చుకుంది. బొంగరం ఇస్తే పిల్లలు బడిలో నిలుస్తారని మేము అనుకోవడం లేదు. ఆమెకు మేము చెప్పింది ఒక్కటే. ‘‘అమ్మా, సెలవులయ్యాక మీవాడు ఆ బొంగరం గురించి రాసింది ఒకసారి వచ్చి చదవండి.’’ జనవరిలో ఆమె వచ్చింది. కొడుకు ఒకటిన్నర పేజీ రాశాడు. నాయన మూడు రోజులు సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి, వీధి దీపం కింద జాటీ చుట్టడం నేర్పించాడట. ఆమె చదివి కాసేపు ఊరుకుంది. ‘‘ఈయన వానితో ఇంతసేపు కూర్చున్నది నాకు తెలియదే’’ అంది.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. మొదట్లో వాళ్లకు అందరూ తాడాట తాళ్లే తెచ్చారు. చీటీలో ఎవరి పేరు వచ్చినా బొంగరం ఇవ్వవచ్చని మేము గట్టిగా చెప్పాక మార్పు వచ్చింది. ఇప్పుడు మా బడిలో బొంగరాన్ని గాల్లోంచి అరచేతిలోకి తీసుకోగలిగినది ఒక ఆరో తరగతి అమ్మాయే.

కొనే ముందు తల్లిదండ్రులు కొన్ని సంగతులు గమనించాలి. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే గోళీలు వద్దు. నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డుపడతాయి. బొంగరం మేకు మరీ సూదిగా ఉంటే రాతి మీద అరగదీసి ఇవ్వండి. బిళ్లంగోడు ఆడేటప్పుడు చూసే పిల్లలు దూరంగా నిలబడాలి. బిళ్ల కంటికి తగిలే ప్రమాదం ఉంది. గాలిపటాల కాలం డిసెంబరు, జనవరిలోనే ఉన్న ఊళ్లవారు నూలు దారమే ఇవ్వండి. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. ఫ్యాక్టరీలో తయారైన బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దుకాణంలో ఆ గుర్తు చూసి కొనండి. నమోదైన హస్తకళాకారులు చేసే బొమ్మలకు ఈ నియమం నుంచి మినహాయింపు ఉంది.

చిన్న తరగతుల పిల్లలకైతే జాటీ అక్కర్లేని, వేళ్లతో తిప్పే లక్క బొంగరాలు బాగుంటాయి. బెంగళూరు–మైసూరు దారిలోని చన్నపట్నంలోనూ, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలోనూ వీటిని చేస్తారు. రెండు చోట్లా వాడే కర్ర ఒకటే. మనం అంకుడు అనే చెట్టును కన్నడిగులు హాలె అంటారు. బరంపురం, రాయగడ బడులవారికి ఏటికొప్పాక, కోలారు, బళ్లారి వారికి చన్నపట్నం అందుబాటు.

షోలాపూరులోనో, ముంబయిలోనో, యానాంలోనో ఉన్న తోటి ఉపాధ్యాయులు మా జాబితాను ఉన్నదున్నట్టు తీసుకోవద్దని మనవి. అలా తీసుకుంటే మా గాలిపటాల కథే అవుతుంది. మీ ఊళ్లో డిసెంబరులో గాలి ఎటు వీస్తుంది, నేల ఎలా ఉంటుంది, పిల్లలకు ఖాళీ జాగా ఎక్కడుంది అని ముందు చూడండి. తర్వాత ఊళ్లో పెద్దవాళ్లను అడగండి.

నిరుడు ఒక పాప తన కానుకతో పెట్టిన ఉత్తరం మా స్టాఫ్ రూములో గోడకు అంటించి ఉంది. పది వాక్యాలు రాయమంటే పన్నెండు రాసింది. జాటీని కింది నుంచి పైకి బిగువుగా చుట్టాలని, విసిరాక వెంటనే వెనక్కి లాగాలని, మొదట్లో తిరగకపోతే బాధపడకూడదని రాసింది. చివరి వాక్యం ఇది: ‘నీకు రాకపోతే సెలవుల్లో మా ఇంటికి రా, మా అవ్వకు బాగా వచ్చు.’

ఈ ఏడాది చీటీల డబ్బాను మళ్లీ దులిపి పెట్టాం.