మేనేజర్ అన్న పేరు చాలదు

బెంగళూరు, చెన్నైల బహుళజాతి సంస్థలలో కొలువు చేసే మన పిల్లలలో కొందరిని సంస్థవారు మేనేజర్లుగా అమెరికా శాఖకు పంపుతుంటారు. అందుకు ఎల్-1ఏ వీసా కోరుతూ సంస్థే అర్జీ పెట్టాలి. గడచిన 3 ఏళ్లలో ఏడాదిపాటు ఎడతెగకుండా ఆ సంస్థ విదేశీ శాఖలో పనిచేసి ఉండాలి. జీతపు రశీదులతో అది తేలిపోతుంది.

చిక్కంతా హోదా దగ్గరే. నియామకపత్రంలోని పేరు చూసి అధికారులు ఒప్పుకోరు. ఏ పనికి ఎంత సమయం వెచ్చిస్తారో అడుగుతారు. కూలీలను అజమాయిషీ చేసే మేస్త్రీ వారి లెక్కలో మేనేజర్ కాడు. కింద ఉన్నవారు వృత్తినిపుణులో, పర్యవేక్షకులో అయి ఉండాలి. వారి నియామకం, తొలగింపులలో అతని మాటకు విలువ ఉండాలి. కింద మనుషులు లేకున్నా, సంస్థకు కీలకమైన కార్యాన్ని పైస్థాయిలో నడిపించేవారు అర్హులే. అయితే ఆ పనిని ప్రధానంగా తామే చేస్తుంటే మాత్రం కారు. సంస్థ నిర్మాణపటం, కింది ఉద్యోగుల చదువు, విధుల వివరం ఇందుకు ఆధారాలు.

డబ్బిస్తే మేనేజరని రాయిస్తాననే దళారిని గడప తొక్కనివ్వకండి. అబద్ధం బయటపడితే అమెరికా ప్రవేశానికే శాశ్వతంగా అనర్హులు కావచ్చు.